ముసుగు తీసిన ఇల్లు: ‘ది ఇన్‌క్రెడిబుల్స్’ చిత్రంలోని కుటుంబ ఘట్టాలు - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

సూపర్‌హీరో కథల్లో కుటుంబం చాలాకాలం వీరుడు పోగొట్టుకున్నదిగానో, శత్రువు కంటపడకుండా దాచుకోవలసినదిగానో కనిపించింది. పిక్సార్ సంస్థ 2004లో విడుదల చేసిన ‘ది ఇన్‌క్రెడిబుల్స్’ యానిమేషన్ చిత్రం ఆ కుటుంబాన్ని కథకు కేంద్రంగా నిలిపింది. ఇందులో ప్రేక్షకుల మనసును తాకే కుటుంబ ఘట్టాలను అమెరికా కామిక్స్ చరిత్ర, రెండో ప్రపంచయుద్ధానంతర గృహజీవన చరిత్రల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ఆ ఘట్టాల్లోని ఆర్ద్రతకు మూలం శక్తిప్రదర్శన కాదనీ, దాచుకున్నది బయటపెట్టడమేననీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యానిమేషన్, సూపర్‌హీరో, కుటుంబం, కామిక్స్ చరిత్ర, శివారు జీవనం, బ్రాడ్ బర్డ్.

1. ఉపోద్ఘాతం:

‘ది ఇన్‌క్రెడిబుల్స్’ 2004 నవంబరు 5న అమెరికాలో విడుదలైంది. పిక్సార్ నిర్మించిన చిత్రాల్లో ఇది ఆరవది. ప్రధానపాత్రలన్నీ మనుషులే అయిన తొలి చిత్రం. ఉత్తమ యానిమేషన్ చిత్రంగానూ, ధ్వని కూర్పుకుగానూ రెండు ఆస్కార్ పురస్కారాలు పొందింది. రచన, దర్శకత్వం బ్రాడ్ బర్డ్. పిక్సార్ ఒక పూర్తినిడివి చిత్రాన్ని బయటినుండి వచ్చిన దర్శకుడికి అప్పగించడం అదే మొదలు. వృత్తికీ కుటుంబానికీ మధ్య తాను అనుభవించిన సంఘర్షణలోనుంచే ఈ కథ పుట్టిందని ఆయన పలు సందర్భాల్లో చెప్పారు.

ఈ చిత్రంపై వచ్చిన చర్చలో అధికభాగం ప్రతిభావంతుల విశేషాధికారం అనే అంశం చుట్టూ తిరిగింది. కుటుంబ ఘట్టాలను మాత్రం ఆహ్లాదకరమైన అలంకారాలుగా భావించి దాటవేయడం పరిపాటి. కాని చిత్రం చరిత్రతో జరిపే సంభాషణ ఆ ఘట్టాల్లోనే స్పష్టంగా వినిపిస్తుంది.

2. ఒంటరి వీరుడి సంప్రదాయం:

1938లో వెలువడిన సూపర్‌మాన్ నశించిన గ్రహం నుండి వచ్చిన బిడ్డ. 1939 నాటి బ్యాట్‌మాన్ కళ్లముందే తల్లిదండ్రులను పోగొట్టుకున్నవాడు. 1962 నాటి స్పైడర్‌మాన్ తండ్రి సోదరుడి ఇంట పెరిగిన అనాథ. ఈ పరంపరలో కుటుంబం ఒక గాయం. ఆ గాయమే వీరుడిని కార్యోన్ముఖుణ్ణి చేస్తుంది. అదే అతన్ని ఒంటరిగానూ నిలుపుతుంది.

1961లో స్టాన్ లీ, జాక్ కిర్బీలు సృష్టించిన ‘ఫెంటాస్టిక్ ఫోర్’ ఈ పద్ధతిని మార్చింది. అందులోని నలుగురూ ఒక కుటుంబంలా కలిసి ఉంటారు, గొడవపడతారు. 1965లో ఆ కథలో పెళ్లి, 1968లో బిడ్డ పుట్టుక చోటుచేసుకున్నాయి. సాగే దేహం, అదృశ్యశక్తి వంటి లక్షణాల్లో బర్డ్ సృష్టించిన పార్ కుటుంబానికి దీనితో పోలిక స్పష్టమే. అయితే ఒక ముఖ్యభేదం ఉంది. ఫెంటాస్టిక్ ఫోర్ సభ్యులకు రహస్యజీవితం లేదు. వారెవరో లోకానికంతా తెలుసు. పార్ కుటుంబం బతుకంతా దాపరికం మీదే నడుస్తుంది. కుటుంబాన్ని అక్కడినుండి, ముసుగును పాత సంప్రదాయం నుండి తీసుకొని, ఆ రెండింటినీ ఒకే ఇంట్లో ఎదురెదురుగా నిలపడం బర్డ్ చేసిన కొత్త ప్రయోగం.

3. 1947 - 1962: కథాకాలం:

చిత్రంలో కనిపించే వార్తాపత్రిక ప్రకారం ప్రధానకథాకాలం 1962. ఆరంభఘట్టాలు దానికి పదిహేనేళ్ల ముందువి, అంటే 1947 ప్రాంతానివి. వాస్తవచరిత్రలోనూ ఈ రెండు కాలాలు గమనార్హాలు. యుద్ధం ముగిశాక సూపర్‌హీరో కామిక్స్‌కు ఆదరణ తగ్గింది. 1954లో బాలనేరాలపై సెనేట్ ఉపసంఘం జరిపిన విచారణ, అదే ఏడాది ఏర్పడిన కామిక్స్ కోడ్ ఆ రంగాన్ని మరింత కట్టడి చేశాయి. చిత్రంలో వీరులను అజ్ఞాతంలోకి నెట్టింది న్యాయస్థానాల్లో దాఖలైన దావాలు. కారణాలు వేరైనా, వీరులు తెరమరుగైన కాలం ఒక్కటే.

లాంగ్ ఐలాండ్‌లో లెవిట్‌టౌన్ నిర్మాణం మొదలైంది కూడా 1947లోనే. కొద్ది నమూనాలతో వేల ఇళ్లు అక్కడ వెలిశాయి. శివారు ఇల్లు, ఉద్యోగానికి వెళ్లే భర్త, ఇల్లు చక్కబెట్టే భార్య అనేది ఆ కాలపు ఆదర్శచిత్రం. ప్రచ్ఛన్నయుద్ధకాలపు ‘కట్టడి’ విధానం విదేశాంగరంగానికే పరిమితం కాక గృహజీవనాన్నీ తీర్చిదిద్దిందని చరిత్రకారిణి ఎలేన్ టైలర్ మే 1988లో వెలువడిన ‘హోమ్‌వర్డ్ బౌండ్’ గ్రంథంలో వాదించారు. పార్ కుటుంబం ఈ వాదానికి అక్షరాలా ఉదాహరణ. వారి ఇంటిపేరుకే ‘సగటు’ అనే ధ్వని ఉంది. ఆ ఇంట్లో కట్టడి చేయవలసింది బయటి శత్రువును కాదు, తమ స్వభావాన్ని.

ఆరంభంలోని ముఖాముఖి దృశ్యం ఇక్కడ ప్రస్తావనార్హం. కుటుంబం, సాధారణజీవితం కావాలన్న కోరిక అక్కడ వ్యక్తం చేసేది బాబ్. లోకరక్షణను మగవారికి వదిలి స్థిరపడే ఉద్దేశం తనకు లేదని హెలెన్ అంటుంది. పదిహేనేళ్ల తరువాత ఆమె గృహిణి. అతడు గతవైభవాన్ని తలచుకొని కుమిలే బీమా గుమాస్తా. బెటీ ఫ్రీడన్ ‘ది ఫెమినిన్ మిస్టిక్’ 1963లో వెలువడింది. హెలెన్ ఆ పుస్తకం రావడానికి సరిగ్గా ఒక ఏడాది ముందరి గృహిణి.

4. భోజనాల బల్ల:

బాబ్ వార్తాపత్రికలో మునిగి ఉంటాడు. బడిలో డాష్ చేసిన అల్లరిని హెలెన్ ప్రస్తావిస్తుంది. అక్కాతమ్ముళ్ల మాటల పోట్లాట శక్తుల పోరాటంగా మారుతుంది. తల్లి చేతులు సాచి ఇద్దరినీ పట్టుకుంటుంది. తండ్రి బల్లనే పైకెత్తుతాడు. ఇంతలో తలుపుగంట మోగుతుంది. మరుక్షణం అందరూ ఎవరి స్థానాల్లో వారు, ఏమీ జరగనట్టు కూర్చుంటారు.

నవ్వు పుట్టించే ఈ దృశ్యంలో ఒక విషాదం దాగి ఉంది. నలుగురూ ఎంత వేగంగా సర్దుకోగలరో చూస్తే, దాపరికం వారికి ఎంత అలవాటైందో తెలుస్తుంది. తండ్రికి బలం, నలుమూలలకూ లాగబడే తల్లికి సాగే దేహం, బిడియస్తురాలైన కౌమారబాలికకు అదృశ్యత, నిలకడలేని పిల్లవాడికి వేగం, ఇంకా ఏమవుతాడో తెలియని పసివాడికి తేలని శక్తి - ఈ కేటాయింపు కుటుంబపాత్రల నుండే వచ్చింది. కాబట్టి ఆ ఇంట్లో శక్తిని దాచుకోవడమంటే తనను తాను దాచుకోవడమే.

5. విమానం, గుహ:

భర్త జాడ వెతుకుతూ హెలెన్ నడిపే విమానంలో పిల్లలిద్దరూ దొంగచాటుగా ఎక్కుతారు. క్షిపణులు దూసుకొస్తుండగా, విమానమంతటికీ రక్షణకవచం సృష్టించమని ఆమె వయొలెట్‌ను కోరుతుంది. ఇంతకాలం ఇంట్లో శక్తులు వాడవద్దన్న తల్లే ఇప్పుడు వాడమంటోంది. ఆ అమ్మాయి వల్ల కాదు. తల్లి తన దేహాన్నే చుట్టి పిల్లలను కాపాడుకుంటుంది. తరువాత పారాచూట్‌గా, పడవగా మారుతుంది.

అంతకన్నా బలమైన ఘట్టం గుహలోది. తన అసమర్థతకు కుమిలిపోతున్న కూతురిని హెలెన్ మందలించదు. అకస్మాత్తుగా అంత భారం మోపడం తన పొరపాటని ఒప్పుకుంటుంది. శత్రువులు పిల్లలని కూడా చూడరన్న కఠినసత్యాన్ని వారికి దాచకుండా చెబుతుంది. తల్లి పిల్లలతో సమానస్థాయిలో మాట్లాడిన తొలి సందర్భం ఇదే. వయొలెట్ మార్పు ఇక్కడే మొదలవుతుంది. ముఖాన్ని కప్పే ఆమె పొడవైన జుట్టును చిత్రించడం నాటి కంప్యూటర్ యానిమేషన్‌కు అత్యంత క్లిష్టమైన సమస్యల్లో ఒకటిగా నిలిచింది. ఆ జుట్టు ముఖం మీదినుండి తొలగడమే ఆ పాత్ర ఎదుగుదలకు గుర్తు. సాంకేతికశ్రమ ఇక్కడ నేరుగా భావప్రకటనకు ఉపకరించింది.

6. తండ్రి ఒప్పుకోలు:

కుటుంబమంతా బందీలైనప్పుడు బాబ్ తన తప్పును అంగీకరిస్తాడు. లోకం తనను తక్కువగా చూసిందన్న చింతలో, తాను ఇంటివారిని తక్కువగా చూశానంటాడు. బర్డ్ ఈ సన్నివేశాన్ని గంభీరోపన్యాసంగా సాగనివ్వలేదు. తండ్రి మాట్లాడుతుండగానే వయొలెట్ బంధాలు విడిపించుకొని, ఆయన ప్రసంగాన్ని చమత్కారంగా ముగింపజేస్తుంది. క్షమాపణ విన్న బిడ్డే విముక్తి కలిగించడం అర్థవంతం.

చివరి యుద్ధానికి ముందు బాబ్ మళ్లీ ఒంటరిగా వెళ్లబోతాడు. ఒంటరిగా పనిచేయడం ఆరంభం నుండీ అతని నినాదం. తనను ఆరాధించిన బాలుడు బడ్డీని ఆ మాటతోనే తరిమివేశాడు. ఆ బాలుడే సిండ్రోమ్ అనే ప్రతినాయకుడయ్యాడు. ఇప్పుడు హెలెన్ నిలదీసినప్పుడు అసలు కారణం బయటపడుతుంది: భార్యను మరోసారి పోగొట్టుకుంటే భరించే బలం తనకు లేదు. లోకంలోకెల్లా బలవంతుడు బలం లేదని చెప్పడమే చిత్రానికి పతాకసన్నివేశం. కలిసి పోరాడితే ఆ అవసరమే రాదన్నది ఆమె సమాధానం. 1938 నుండి సాగిన ఒంటరివీరుడి సంప్రదాయానికి ఆ ఇద్దరి మధ్య రెండు మాటల్లో జవాబు దొరికింది.

భారతదేశంలో ఈ చిత్రం ‘హమ్ హై లాజవాబ్’గా హిందీలో విడుదలైనప్పుడు తండ్రి పాత్రకు షారుఖ్ ఖాన్, కొడుకు పాత్రకు ఆయన కుమారుడు ఆర్యన్ ఖాన్ గాత్రమిచ్చారు. ఇక్కడి అనువాదం కూడా తండ్రీకొడుకుల బంధాన్నే ముందుకు తెచ్చింది.

7. విశేషాధికార వాదం - పునఃపరిశీలన:

అందరూ ప్రత్యేకులైతే ఎవరూ ప్రత్యేకులు కారన్న భావం ఆధారంగా ఈ చిత్రాన్ని ప్రతిభాధిక్యవాదంగా విమర్శించినవారున్నారు. ఆ విమర్శను తేలికగా కొట్టివేయలేం. శక్తులు పుట్టుకతోనే రావడం కథలో ఉన్నదే. కాని ఆ భావాన్ని చిత్రంలో పలికేది అలిగిన పిల్లవాడు డాష్, పగబట్టిన సిండ్రోమ్. గాయపడిన ఇద్దరి మాటను చిత్రసందేశంగా స్వీకరించడం సమంజసం కాదు. కుటుంబ ఘట్టాలు ఎత్తిచూపేది శక్తిమంతుల ఆధిక్యాన్ని కాదు, వారికి పరస్పరం ఉన్న అవసరాన్ని.

పరిమితి మరోచోట ఉంది. పరుగుపందెంలో డాష్ కావాలనే రెండోస్థానంలో నిలుస్తాడు. ముసుగు ఇంట్లో తొలగింది గాని వీధిలో తొలగలేదు. హెలెన్ వృత్తిజీవితం ఏమవుతుందన్న ప్రశ్నకు కూడా జవాబు లేదు. 2018లో వచ్చిన రెండో భాగం ఆ ప్రశ్నను చేపట్టి, హెలెన్‌ను ఉద్యోగానికి పంపి, బాబ్‌ను ఇంట ఉంచింది. రాత్రంతా కూర్చొని కొడుకు లెక్కలు నేర్చుకొనే తండ్రి, తన అలసటను కూతురి ఎదుట ఒప్పుకొనే తండ్రి అక్కడ కనిపిస్తాడు.

8. ముగింపు:

‘ది ఇన్‌క్రెడిబుల్స్’లోని హృద్యమైన ఘట్టాలన్నిటికీ సమానధర్మం ఒకటే: ఎవరో ఒకరు తమ భయాన్నో, పొరపాటునో, బలహీనతనో ఇంటివారి ఎదుట ఒప్పుకుంటారు. కుటుంబాన్ని గాయంగా చూసిన కామిక్స్ సంప్రదాయానికీ, గుట్టునే గౌరవంగా భావించిన యుద్ధానంతర గృహాదర్శానికీ ఇది ఏకకాలంలో ప్రత్యుత్తరం. జనప్రియ యానిమేషన్ చిత్రాల్లోని కుటుంబసన్నివేశాలను కేవలం భావోద్వేగాలుగా కాక చారిత్రక ఆధారాలుగా చదవవచ్చని ఈ పరిశీలన తెలుపుతోంది.