ఇంటి సామాన్ల చరిత్ర – 6 : బీరువా

పోయిన నెల మా కాలేజీలో పనిచేసే ఒక సార్ గృహప్రవేశానికి వెళ్లాను. హాల్లో గోడ మూలకి సరిగ్గా ఇమిడిపోయే టేకు బీరువా ఒకటి పెట్టారు. పైన అద్దాల తలుపులు, కింద చెక్క తలుపులు, ఇత్తడి గడియ. కారైకుడి వెళ్లి, బేరమాడి, లారీలో వేయించుకుని తెచ్చుకున్నారట. వచ్చినవాళ్లందరికీ దాని వయసు చెబుతున్నారు. నా దగ్గరికొచ్చేసరికి, "మేడమ్, మీ ఊళ్లో పాత ఇళ్లల్లో ఇట్లాంటివి ఉంటే చెప్పండి. భోషాణమైనా ఫర్లేదు, మంచి రేటిస్తాను" అన్నారు.

ఆయన మంచివాడే, ఆ మాటలో వెటకారం లేదు. "మీ ఊళ్లో పాత ఇళ్లు" అనగానే ఆయనకి కనపడినవి వేరు, నాకు కనపడినవి వేరు, అంతే. మా నాయనమ్మ ఇల్లూ పాతదే. తాటాకుది. రెండు మూడేళ్లకోసారి కప్పు మార్చే ఇల్లు ఎంత పాతదైనా యాంటిక్ అవ్వదు.

ముందు ఆ మూల బీరువా సంగతి చెబుతాను. ఆ రకం మన దగ్గర పుట్టింది కాదు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో కాస్త కలిగినవాళ్లు పింగాణీ టీ సామాను నలుగురికీ కనపడేలా పెట్టుకోవడానికి గది మూలల్లో చేయించుకున్నది. కంపెనీ దొరలతో పాటు వాళ్ల సామాన్ల నమూనాలూ ఓడ దిగాయి. మన పనివాళ్లు వాటిని చూసి చేశారు. ఎంత గొప్పగా చేశారంటే, విశాఖపట్నంలో ఏనుగు దంతం పొదిగి చేసిన బీరువాలు, రాతబల్లలు, పెట్టెలు లండన్ దాకా వెళ్లాయి. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గరున్న దంతపు సామాను కొంత 1781లో మూడో జార్జి రాజు తన రాణికోసం కొన్నాడు. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ విశాఖ పనితనం చూడొచ్చు. కేటలాగుల్లో కొన్న దొర పేరుంటుంది, వాడిన కర్ర పేరుంటుంది. ఉలి పట్టినవాడి పేరు దాదాపు ఎక్కడా ఉండదు.

తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని కాబట్టి మాటల దగ్గర కాసేపు ఆగుతాను. బీరువా అనే మాట ఇంగ్లీషు బ్యూరో నుంచి వచ్చింది. దాని వెనక ఫ్రెంచి మాట ఉంది, అది మొదట రాతబల్ల మీద పరిచే ముతక ఉన్నిగుడ్డ పేరు. అల్మారా పోర్చుగీసువాళ్లతో వచ్చింది. తెలంగాణలో అనే సందుగ అరబ్బీ నుంచి వచ్చింది. మరి చూరు? దొంతి? ఉట్టి? ఇవి అచ్చంగా మనవి. దాచుకోవడానికి పెట్టెలు లేనివాళ్లు దాచుకున్న చోట్ల పేర్లు ఇవి.

మా నాయనమ్మకి చూరే బీరువా. కొడవలి చూరులో, దువ్వెన చూరులో, పగిలిన అద్దం ముక్క చూరులో. దువ్వుకున్నప్పుడు ఊడిన జుట్టు ఉండ చుట్టి అక్కడే దోపేది, పిన్నీసులమ్మేవాడు వస్తే ఇవ్వడానికి. గుడిసెలో ఒక మూల కుండల దొంతి ఉండేది. పెద్దది కింద, చిన్నది పైన. అన్నిటికంటే కింది కుండలో జొన్నలు, ఆ జొన్నల అడుగున గుడ్డలో కట్టిన డబ్బులు. దొంగ వస్తే ఏడు కుండలు దించాలి, చప్పుడు కాకుండా దించలేడు అని నవ్వేది. తాళంచెవి అక్కర్లేని ఇనప్పెట్టె అన్నమాట. నిప్పంటుకుంటే మాత్రం అన్నీ ఒకేసారి పోయేవి. ఎండాకాలం పల్లెలో ఒక ఇల్లు అంటుకుంటే గాలివాటున వరసంతా పోవడం మా అమ్మ తరం దాకా చూసిన సంగతే. అందుకే మా ముత్తాతల చేతి వస్తువు ఒక్కటి కూడా మా దగ్గర లేదు.

ఊళ్లో భోషాణం అట్లా కాదు. మందపాటి చెక్క, ఇనప పట్టీలు, పైన మనిషి పడుకునేంత వెడల్పు మూత. తాళంచెవి ఇంటి పెద్ద దగ్గర. దాంట్లో ఇత్తడి, వెండి, పట్టుబట్టలు ఉంటాయని అందరికీ తెలుసు. ఇంకోటి కూడా ఉండేది. అప్పు కాగితాలు. జీతానికి కుదిరిన మనిషి వేలిముద్ర వేసిన నోటు ఆ పట్టుచీరల మడతల పక్కనే ఉండేది. భోషాణంలో మనవాళ్లది ఏమీ లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. మన తాతల బొటనవేళ్లు ఉన్నాయి. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చి ఆ అప్పులన్నీ చెల్లవంది. కాగితాలున్న పెట్టె తాళం మాత్రం చట్టం చేతికి అంత తొందరగా రాలేదు.

లేకపోవడం పేదరికం వల్ల కదా, దీనికి కులమెందుకు అని క్లాసులో ఒక పిల్లవాడు అడిగాడు. మంచి ప్రశ్న. పేదరికం ఒక్కటే అయితే, నాలుగు డబ్బులు వచ్చిన రోజున కొనుక్కోనిచ్చేవాళ్లు. మనుస్మృతి పదో అధ్యాయంలో చండాలుడు పగిలిన పాత్రల్లో తినాలని, ఇనప నగలే పెట్టుకోవాలని ఉంది. శూద్రుడు చేతనైనా ధనం కూడబెట్టకూడదని కూడా అదే అధ్యాయం చెబుతుంది. అది పాత పుస్తకమనుకుంటే, 1930కి రండి.

ఆ సార్ బీరువా కొన్న కారైకుడి అప్పట్లో రామనాథపురం జిల్లాలో ఉండేది. 1930 డిసెంబరులో అదే జిల్లాలో కళ్లర్ కులస్తులు ఆది ద్రావిడుల మీద ఎనిమిది నిషేధాలు పెట్టారు. 1931 జనగణన కమిషనరు హట్టన్ వీటిని నమోదు చేశాడు. బంగారం, వెండి పెట్టుకోకూడదు. చొక్కా వేసుకోకూడదు. ఆడవాళ్లు పైభాగం కప్పుకోకూడదు. గొడుగు, చెప్పులు కూడదు. వీటిలో అయిదోది చదివినప్పుడల్లా నేను ఆగిపోతాను: ఇళ్లల్లో మట్టి పాత్రలు తప్ప ఇంకేవీ వాడకూడదు. గొడుగు అంటే వీధిలో కనపడుతుంది, కళ్లు కుట్టాయనుకోవచ్చు. ఇంటి లోపల కుండ ఉందో, ఇత్తడి బిందె ఉందో వీళ్లకెందుకు? అంటే వచ్చి చూస్తారన్నమాట. తలుపు తీసి, మూలమూలా వెతికే హక్కు తమకుందన్నమాట. మాట వినని వాళ్ల గుడిసెలు తగలబెట్టారు, ధాన్యం నాశనం చేశారు, పశువులను తోలుకుపోయారు. 1931 జూన్‌లో నిషేధాలు పదకొండయ్యాయి, పిల్లలు చదువుకోకూడదన్నది వాటిలో ఒకటి.

ఆ నిషేధాలు పెట్టింది చెట్టియార్లు కాదు, ఆ మాట స్పష్టంగా చెప్పాలి. కానీ ఆ రోజుల్లో అదే జిల్లాలో వాళ్ల మేడలకి బర్మా టేకు ఓడల్లో వస్తోంది. 1930ల చివరికి దిగువ బర్మా ప్రధాన వరి జిల్లాల పొలాల్లో దాదాపు నాలుగో వంతు చెట్టియార్ల చేతిలో ఉంది. 1942లో జపాన్ సైన్యం బర్మాని పట్టుకున్నాక ఆ సంపద కూలింది. తర్వాతి తరాలు మేడలు విప్పి స్తంభాలు, తలుపులు, బీరువాలు అమ్ముకున్నాయి. కారైకుడి యాంటిక్ దుకాణాలు అట్లా నిండాయి. చేటుకాలం వచ్చినా అమ్ముకోవడానికి వాళ్లకి ఒక బీరువా మిగిలింది. మట్టికుండకి సెకండ్‌హ్యాండ్ మార్కెట్ లేదు.

ఇది తమిళ సంగతి మాత్రమే అనుకోకండి. అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో గుజరాతు ఉదాహరణ ఇచ్చారు. అహ్మదాబాదు జిల్లా జానూ అనే ఊళ్లో మన ఆడవాళ్లు లోహపు బిందెలతో నీళ్లు తెచ్చుకున్నారని కొట్టారు.

మన ఇళ్లల్లోకి మొదట వచ్చింది రేకు ట్రంకుపెట్టె. నాకు హాస్టల్లో ఇచ్చినది ఇప్పటికీ అమ్మ దగ్గరుంది. నా టెన్త్ మెమో, కులధ్రువీకరణ పత్రం, నాన్న పేరున ఉన్న ఇంటిపట్టా అందులోనే ఉన్నాయి. తర్వాత ఇనప బీరువా. గోద్రెజ్ కంపెనీ వాటిని 1923 నుంచీ చేస్తోంది. మా ఇంటికి మాత్రం అది నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది వచ్చింది, గోద్రెజ్‌ది కాదు, టౌన్లో వెల్డింగ్ షాపులో చేయించినది. దాన్ని చూడ్డానికి మా వీధి అంతా వచ్చింది.

ఊరు కూడా చూసింది. ఇక్కడే నాకు భయం. 1995 ఆగస్టు 31న తూత్తుకుడి ప్రాంతంలో కొడియంకుళం అనే దళిత గ్రామం మీద పోలీసులు పడ్డారు. గల్ఫ్ వెళ్లి సంపాదించుకున్నవాళ్ల ఊరది. టీవీలు, ఫ్యాన్లు, కుట్టుమిషన్లు, టేప్‌రికార్డర్లు పగలగొట్టారు. బట్టలు, పాస్‌పోర్టులు, చదువుకున్న పిల్లల సర్టిఫికెట్లు కుప్పపోసి తగలబెట్టారు. 2012 నవంబరు 7న ధర్మపురి జిల్లాలో, కులాంతర వివాహం సాకుగా, నత్తం, అణ్ణానగర్, కొండంపట్టి కాలనీల్లో రెండు వందల యాభైకి పైగా ఇళ్ల మీద దాడి చేశారు. ముందు బీరువాలు పగలగొట్టారు, నగలూ డబ్బూ తీసుకున్నారు, తర్వాత నిప్పు పెట్టారు. ఆ వరస గమనించండి. 1930లో మట్టికుండలు తప్ప ఏమీ వద్దన్న మాటకి, ఈ బీరువాల తలుపుల మీద గునపం పోటుకి మధ్య ఎనభై రెండేళ్లు.

ఆ సార్‌కి ఆ రోజు నేనేమీ చెప్పలేదు. భోజనం చేసి వచ్చేశాను. ఇంటికొచ్చి ట్రంకుపెట్టె తెరిచి కాగితాలన్నీ ఫోన్లో ఫొటోలు తీశాను. అమ్మ చూసి, "ఏందే, ఏవన్నా గొడవైందా?" అని అడిగింది.

మీకో పని. ఇంటికి ఫోన్ చేసి మీ నాయనమ్మనో అమ్మమ్మనో అడగండి: బీరువా లేనప్పుడు ఇంటిపట్టా ఎక్కడ దాచేవాళ్లు? చూరులోనా, దొంతిలోనా, నడుముకు కట్టుకునేవాళ్లా? ఆ చోటుకి మీ ఊళ్లో ఏమని పేరో కూడా రాయండి. వచ్చే భాగం మంచం గురించి.

జై భీమ్.