ఇచ్చిపుచ్చుకోవడం: పోలండ్ వాళ్ళూ, బ్రిటిష్ వాళ్ళూ, ఒక ఆకుకూర సీసా



ఈసారి ఒక మాటతో మొదలుపెడతాను. "ఇచ్చిపుచ్చుకోవడం". ఇవ్వడం మనందరికీ తెలుసు. పుచ్చుకోవడం అంటే తీసుకోవడం, కానీ కొంచెం మర్యాదగా తీసుకోవడం. వాయనం పుచ్చుకుంటారు, దక్షిణ పుచ్చుకుంటారు. ఈ రెండూ కలిపితే వచ్చే మాటలో ఇచ్చేవాడు పెద్ద, తీసుకునేవాడు చిన్న అనే తేడా కనిపించదు. అందుకే నాకిష్టం.

ఈ మాట పట్టుకుని నేను రాయాలనుకున్నది మన గురించి కాదు, మా పక్కింటి వాళ్ళ గురించి. నేను పుట్టి పెరిగింది పశ్చిమ లండన్‌లో, ఈలింగ్ వైపు. ఇక్కడ తెలుగువాళ్ళు అక్కడక్కడా కనిపిస్తారు కానీ, పోలండ్ వాళ్ళు వీధికి నలుగురు ఉంటారు. మా ఇంటికి దగ్గర్లో ఏ-40 రోడ్డు మీద ఒక కూడలి ఉంది. దాని పేరే "పోలిష్ వార్ మెమోరియల్". రేడియోలో ట్రాఫిక్ వార్తల్లో రోజూ వినబడే పేరు. అక్కడ నిజంగానే ఒక స్మారక స్తంభం ఉందని, దాని మీద చనిపోయిన విమాన సైనికుల పేర్లు వెయ్యికి పైగా ఉన్నాయని, కారులో వెళ్ళేవాళ్ళలో ఎంతమందికి తెలుసో!

వాళ్ళు ఎలా వచ్చారు

1939 సెప్టెంబర్ 1న జర్మనీ పోలండ్ మీద దాడి చేసింది. అదే నెల 17న రెండో వైపు నుంచి సోవియట్ సైన్యం వచ్చింది. దేశం రెండు ముక్కలైంది. తప్పించుకున్న సైనికులు ముందు ఫ్రాన్స్ చేరారు. 1940లో ఫ్రాన్స్ కూడా ఓడిపోయాక బ్రిటన్ వచ్చారు. పోలండ్ ప్రభుత్వం కూడా లండన్‌కి మారింది.

ఆ ఏడాది బ్రిటన్ ఆకాశంలో జరిగిన యుద్ధంలో 145 మంది పోలిష్ పైలట్లు పాల్గొన్నారు. మా ఈలింగ్‌కి దగ్గర్లో ఉన్న నార్తోల్ట్ నుంచి ఎగిరిన 303వ దళం, శత్రు విమానాలు ఎక్కువగా కూల్చిన దళాల్లో ఒకటి. నేలమీద పోరాడే సైనికుల్ని చాలామందిని స్కాట్లండ్ పంపారు. అక్కడ తూర్పు తీరం కాపలా వాళ్ళదే. ఫైఫ్‌లో టెంట్స్‌మ్యూర్ దగ్గర ట్యాంకుల్ని ఆపడానికి వాళ్ళు పోసిన కాంక్రీటు దిమ్మలు ఇప్పటికీ ఇసుకలో ఉన్నాయి. 1941లో ఎడింబరో విశ్వవిద్యాలయంలో పోలిష్ వైద్య పాఠశాల కూడా మొదలైంది. సొంత దేశంలో జర్మన్లు విశ్వవిద్యాలయాలు మూసేస్తే, పరాయి దేశంలో వాళ్ళ భాషలో డాక్టర్లు తయారయ్యారు!

ఇంకో దారిలో వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ దారి మన దేశం మీదుగా వెళ్ళింది. సోవియట్ ప్రభుత్వం లక్షల మంది పోలిష్ కుటుంబాల్ని సైబీరియాకీ కజకిస్తాన్‌కీ తరలించింది. 1942లో వాళ్ళలో కొందరు ఇరాన్ మీదుగా బయటపడ్డారు. మగవాళ్ళు సైన్యంలో చేరారు. ఆడవాళ్ళలో, పిల్లల్లో కొన్ని వేల మంది ఇండియా వచ్చారు. జామ్‌నగర్ మహారాజు దిగ్విజయ్ సింహ్ జీ బాలాచడిలో అనాథ పిల్లలకి చోటిచ్చారు. కొల్హాపూర్ పక్కన వలివడేలో 1943 నుంచి 1948 దాకా దాదాపు 5,000 మంది ఉన్న పోలిష్ శిబిరం నడిచింది. బడి, చర్చి, అన్నీ అందులోనే. యుద్ధం అయ్యాక వాళ్ళలో చాలామంది, సైన్యంలో ఉన్న తండ్రుల దగ్గరికి, అన్నల దగ్గరికి, బ్రిటన్ వచ్చేశారు. అంటే ఇంగ్లండ్‌లో బంగాళాదుంపల కూర తినడానికి ముందే మహారాష్ట్రలో మామిడిపండు తిన్న పోలిష్ పిల్లలు ఉన్నారన్నమాట.

టీ కప్పు దగ్గర మొదలైన తేడా

బ్రిటిష్ వాళ్ళ టీలో పాలు ఉంటాయి. పోలండ్‌లో టీ అంటే గాజు గ్లాసులో నల్లగా, నిమ్మకాయ ముక్కతో. పాలు కలిపిన టీకి వాళ్ళ భాషలో వేరే పేరే ఉంది: బవార్కా. అది ఎవరికిస్తారో తెలుసా? బాలింతలకి! పాలు బాగా పడతాయని. మన ఇళ్ళల్లో బాలింతలకి వెల్లుల్లి కారం పెట్టినట్టు అనుకోండి. ఇప్పుడు ఊహించండి: యుద్ధం చేసి వచ్చిన మీసాల సైనికుడికి స్కాటిష్ ఇంట్లో ప్రేమగా కప్పు నిండా బాలింతల టీ ఇచ్చారు. ఆయన ఏమనగలడు? పుచ్చుకున్నాడు.

ఇటువైపు ఆశ్చర్యాలు కూడా తక్కువేం కాదు. పోలిష్ అధికారులు ఆడవాళ్ళ చేతిని ముద్దుపెట్టుకుని పలకరించేవాళ్ళు. స్కాట్లండ్ అమ్మాయిలు మురిసిపోయారు, అబ్బాయిలకి మండింది. చాలా పెళ్ళిళ్ళు అయ్యాయి.

తిండిలో పెద్ద తేడా దోసకాయ దగ్గర కనిపిస్తుంది. బ్రిటిష్ వాళ్ళు దేన్ని నిలవ పెట్టాలన్నా వెనిగర్‌లో వేస్తారు. దోసకాయ, ఉల్లిపాయ, బీట్‌రూట్, చివరికి ఉడికించిన గుడ్డు కూడా. పోలిష్ వాళ్ళ దోసకాయలో వెనిగర్ ఉండదు. ఉప్పునీళ్ళు, వెల్లుల్లి, సోయాకూర వేసి కొన్ని రోజులు వదిలేస్తే అదే పులుస్తుంది. అదే బీట్‌రూట్‌తో వాళ్ళు ఎర్రటి చారు కాస్తారు, పేరు బార్ష్చ్. పాలు పులియబెట్టి, గుడ్డలో మూటకట్టి, నీళ్ళు వార్చి త్వరూగ్ అనే జున్నులాంటిది చేస్తారు. మన పన్నీరుకి దగ్గరి చుట్టం. పుట్టగొడుగుల కోసం తెల్లారే అడవికి వెళ్ళడం వాళ్ళకి పండగ. అడవిలో పుట్టగొడుగు కనిపిస్తే విషమని దూరం జరిగే ఇంగ్లీషువాళ్ళకి అది పిచ్చిపనిలా కనిపించేది. కానీ గుర్తుంచుకోండి, బ్రిటన్‌లో 1954 దాకా రేషన్ ఉంది. అడవిలో దొరికేదానికి రేషన్ కార్డు అక్కర్లేదు.

ఉండమనని దేశం, వెళ్ళలేని దేశం

ఇక్కడ కథ చేదవుతుంది. యుద్ధం గెలిచారు, కానీ పోలండ్ స్టాలిన్ చేతిలోకి వెళ్ళింది. 1945లో బ్రిటన్ వార్సాలోని కొత్త ప్రభుత్వాన్ని గుర్తించింది. 1946 జూన్ 8న లండన్‌లో జరిగిన విజయోత్సవ కవాతులో, బ్రిటన్ పక్కన నిలబడి పోరాడిన పోలిష్ సైన్యం నడవలేదు. తిరిగి వెళ్తే జైలు అనే భయం. ఉంటే, "మా ఉద్యోగాలు పోతాయి" అని కార్మిక సంఘాల అభ్యంతరం. గనుల్లో మనుషులు చాలకపోయినా గని కార్మికులు వాళ్ళని రానివ్వడానికి చాలాచోట్ల ఒప్పుకోలేదు.

చివరికి 1947లో పోలిష్ పునరావాస చట్టం వచ్చింది. 1951 జనాభా లెక్కల నాటికి పోలండ్‌లో పుట్టినవాళ్ళు బ్రిటన్‌లో దాదాపు 1,62,000 మంది. చాలా కుటుంబాలు పాత సైనిక శిబిరాల్లో, సగం కోసిన డబ్బాల్లాంటి ఇనుపరేకుల ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి ఉన్నాయి. డెవన్‌లో స్టోవర్ దగ్గరి శిబిరం 1992 దాకా ఉంది.

పెద్ద పెద్ద సైనికాధికారులు కూడా చిన్న పనులు చేశారు. 1944లో నెదర్లాండ్స్‌లో బ్రెడా పట్టణాన్ని విడిపించిన జనరల్ మాచెక్ ఎడింబరోలో ఒక హోటల్ బార్‌లో పనిచేశారు. ఆ హోటల్ యజమాని ఎవరో కాదు, యాన్ తొమాషిక్, ఆయన సైన్యంలోనే పనిచేసిన సైనికుడు. జనరల్ సోసబోవ్‌స్కి మా పక్క ఊరు ఆక్టన్‌లో ఫ్యాక్టరీ కార్మికుడు. ఇది చదివినప్పుడు నాకు మనవాళ్ళు గుర్తొచ్చారు. ఊళ్ళో మాస్టారుగా చేసి ఇక్కడ గోదాములో పెట్టెలు మోసినవాళ్ళు మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఉండే ఉంటారు.

అదే తొమాషిక్ తర్వాత ఎడిల్స్‌టన్ అనే పల్లెలో స్కాట్లండ్ కొండలు, లోయలు అన్నీ కనిపించేలా ఒక పెద్ద కాంక్రీటు పటం కట్టించారు. పోలండ్ నుంచి విద్యార్థులు వచ్చి 1970లలో కట్టారు. తనకి చోటిచ్చిన దేశానికి కృతజ్ఞతగా ఆయన ఇచ్చిన బహుమతి అది. మీరు అటు వెళ్తే తప్పకుండా చూడండి.

వంటిల్లు నిలిచింది, భాష?

మనలాంటి వాళ్ళకి అసలు పాఠం ఇక్కడుంది.

వచ్చిన సైనికుల్లో ఎక్కువమంది మగవాళ్ళు. చాలామంది ఇంగ్లీషు, స్కాటిష్, ఐరిష్ అమ్మాయిల్ని చేసుకున్నారు. ఆ కోడళ్ళు పియెరోగి చేయడం నేర్చుకున్నారు. పియెరోగి అంటే మన కజ్జికాయ ఆకారమే, కానీ లోపల బంగాళాదుంప, త్వరూగ్ లేదా క్యాబేజీ, పుట్టగొడుగులు పెట్టి నీళ్ళల్లో ఉడికిస్తారు. అలాంటి ఇళ్ళల్లో డిసెంబర్ 24 రాత్రి మాంసం లేని పోలిష్ భోజనం, 25 మధ్యాహ్నం బ్రిటిష్ టర్కీ కోడి. రెండు పండగలూ ఒక ఇంట్లో పట్టాయి. కానీ రెండు భాషలు చాలాచోట్ల పట్టలేదు. పిల్లలకి వంటల పేర్లు వచ్చాయి, వాక్యాలు రాలేదు.

నాక్కూడా అంతే. పప్పు, పెరుగు, చారు, ఆవకాయ, ఇవి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వచ్చు. "నాకు ఆకలిగా లేదు, తర్వాత తింటాను" అని తడుముకోకుండా అనడానికి ఇరవై ఏళ్ళు దాటాయి. నోటికి రుచి అంటుకున్నంత సులువుగా వ్యాకరణం అంటుకోదు.

పోలిష్ వాళ్ళు ఇది తొందరగానే గ్రహించారు. ఊరూరా శనివారం బడులు పెట్టుకున్నారు. వారమంతా ఇంగ్లీషు బడికి వెళ్ళిన పిల్లలు శనివారం పొద్దున్నే లేచి పోలిష్ చదవాలి, రాయాలి, చరిత్ర నేర్చుకోవాలి. ఆ పిల్లలు ఎంత గొణిగి ఉంటారో నేను చెప్పగలను! కానీ భాష నిలిచిన ఇళ్ళల్లో ఈ బడుల చెయ్యి చాలా ఉంది. ఆ బడులు ఇప్పటికీ నడుస్తున్నాయి.

రెండో అల

2004 మే 1న పోలండ్ యూరోపియన్ యూనియన్‌లో చేరింది. బ్రిటన్ మొదటి రోజు నుంచే ఉద్యోగాలకి తలుపు తెరిచింది. 2011 లెక్కల్లో ఇంగ్లండ్, వేల్స్‌లో పోలండ్‌లో పుట్టినవాళ్ళు 5,79,000 మంది. ఇంగ్లీషు, వెల్ష్ తర్వాత ఎక్కువ మంది ముఖ్యభాషగా చెప్పింది పోలిష్‌నే.

వీధులు మారాయి. "పోల్స్కి స్క్లెప్" అనే బోర్డులు లేచాయి, అంటే పోలిష్ దుకాణం. చాలాచోట్ల ఆ బోర్డు కింద కౌంటర్లో కూర్చునేది మన దక్షిణాసియా వాళ్ళే. పెద్ద సూపర్ మార్కెట్లలో కూడా పోలిష్ అర వచ్చింది. భాష కూడా కలిసింది. ఇంగ్లీషు "డ్రైవ్" కి పోలిష్ తోక తగిలించి "డ్రైవోవచ్" అంటారు. మనం "డ్రైవ్ చేయడం" అనట్లేదూ? వాళ్ళ పెద్దలు కూడా మన పెద్దల్లాగే తల పట్టుకుంటారు.

గొడవలూ వచ్చాయి. బ్రిటిష్ వాళ్ళు చెరువులో పెద్ద గండుచేపని పట్టి, ఫొటో తీసుకుని, తిరిగి నీళ్ళల్లో వదిలేస్తారు. పోలిష్ వాళ్ళకి అది క్రిస్మస్ భోజనం! తిట్టుకోవడాలు అయ్యాక, చెరువుల దగ్గర పోలిష్‌లో కూడా బోర్డులు పెట్టి నియమాలు చెప్పడం మొదలుపెట్టారు. అరవడం కన్నా అనువాదం చౌక.

2016 జూన్‌లో, ప్రజాభిప్రాయ సేకరణ అయిన కొద్ది రోజుల్లోనే, హామర్‌స్మిత్‌లోని పోలిష్ సాంస్కృతిక కేంద్రం ముఖద్వారం మీద ఎవరో బూతు రాశారు. తర్వాతి రోజుల్లో చుట్టుపక్కల వాళ్ళు పూలు, ఉత్తరాలు తెచ్చి ఇచ్చారు. ఈ రెండూ ఒకే ఊరు చేసిన పనులే. అందుకే "మన తిండి వాళ్ళు తింటున్నారు కదా, ఇంక మనల్ని తమవాళ్ళుగా చూసుకుంటారు" అని నేను అనుకోను. వంటకాన్ని ఇష్టపడి మనిషిని వెళ్ళిపొమ్మనడం సాధ్యమే. 1946లో జరిగింది, 2016లో జరిగింది. తిండి తలుపు తెరుస్తుంది. లోపలికి పిలిచి కూర్చోబెట్టడం మాత్రం మనుషులు చేయాల్సిన పని.

మీ వంటింటి కోసం

చివరగా ఒక ఉపయోగపడే సంగతి. పోలిష్ దుకాణంలో "ష్చావ్" అని ఆకుపచ్చ సీసా దొరుకుతుంది. వాళ్ళు దానితో పుల్లటి సూప్ చేసి, ఉడికించిన గుడ్డు వేసుకుంటారు. ఇంగ్లీషులో దాన్ని సారెల్ అంటారు. మన గోంగూరని కూడా ఇక్కడి దుకాణాల్లో అదే పేరుతో అమ్ముతారు, కానీ గోంగూర మందార జాతి మొక్క, వేరే కుటుంబం. ష్చావ్‌కి అసలు చుట్టం మన చుక్కకూర. రెండూ ఒకే జాతి.

కందిపప్పు ఉడికించండి. సీసాలో ఆకు రెండు పెద్ద చెంచాలు వేయండి. ఉప్పు ఇప్పుడే వేయకండి, సీసాలో ఉంటుంది. పచ్చిమిర్చి, పసుపు, తర్వాత ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లితో తాలింపు. మా అమ్మ మొదటి ముద్ద తిని "ఇది చుక్కకూర పప్పే, ఎక్కడ దొరికిందే?" అంది. పక్కింటి పోలిష్ పెద్దావిడకి ఒక గిన్నె పంపాం. ఆవిడ గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వలేదు. అందులో ఉప్పునీటి దోసకాయలు నాలుగు ఉన్నాయి. గిన్నెని ఖాళీగా తిప్పి పంపకూడదని మా నాయనమ్మ అనేది. ఆవిడకి ఆ మాట ఎవరు చెప్పారో.