4.8 స్టార్లు సరే, దేనితో పోలిస్తే?

పోయిన నెల మా నాయనకి న్యుమోనియా వచ్చి నంద్యాలలో ఐదు రోజులు బెడ్ మీద ఉన్నాడు. అక్కడున్నన్నాళ్ళూ ఒకటే పాట: "ఈ సూదులేవో ఇంట్లోనే ఏపిస్తే సాలదా రా?" అమ్మ రోజూ వెలుగోడు నుంచి బస్సులో రావడం, నేను హైదరాబాదు నుంచి లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్ళడం... సర్లెండి, మీకు తెలియని కథేం కాదు.

తిరిగొచ్చాక ఒక కంపెనీ బ్రోషర్ చూశాను (పేరెందుకు లెండి). ఆక్సిజన్, సెలైన్, నర్సు, వీడియోలో డాక్టరు, అన్నీ ఇంటికే వస్తాయట. ఫలితాలు ఎలా ఉన్నాయయ్యా అంటే 4.8 స్టార్లు! ఒక బటన్ రంగు మార్చాలన్నా ఏ/బీ టెస్ట్ చేసే జాతి మనది. దేనితో పోలిస్తే 4.8?

ఈ ప్రశ్నని 1956లోనే మద్రాసులో అడిగారు. మూడేళ్ళ ముందు వరకూ మా వెలుగోడుకి కూడా అదే రాజధాని. అప్పట్లో క్షయ వస్తే శానిటోరియమే గతి. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం 1915 నుంచీ ఉంది. కానీ దేశంలో రోగులు లక్షల్లో, బెడ్లు వేలల్లో. మరి ఇంట్లో ఉంచి మందులిస్తే నయమవుతుందా? ఇరుకింట్లో పిల్లలకి అంటుకోదా?

భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కలిసి ఒక కేంద్రం పెట్టాయి. వాలెస్ ఫాక్స్ అనే బ్రిటిష్ డాక్టరు దాన్ని నడిపాడు. నగరంలోని పేద రోగుల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు: ఒకరు శానిటోరియానికి, ఒకరు ఇంటికి. ఇద్దరికీ అవే మందులు, ఐసోనియాజిడ్, పాస్, ఏడాది పాటు. ఎవరు ఎటు వెళ్ళాలో డాక్టరు ఎంచుకోలేదు, గమనించండి. తేలిక కేసుల్ని ఇంటికి పంపి, చూశారా ఎంత బాగున్నారో అనే అవకాశమే లేదు.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. మందులు ఇచ్చాం కాబట్టి వేసుకున్నారని నమ్మలేదు. చెప్పకుండా ఇంటికెళ్ళి మిగిలిన మందులు లెక్కపెట్టేవారు, మూత్రం పరీక్ష చేసేవారు. మన భాషలో ప్రొడక్షన్ లాగ్స్ చూడటం అన్నమాట.

1959లో ఫలితాలు వచ్చాయి. శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి, నర్సులు. ఇంట్లో అరకొర తిండి, పైగా పనులు. బరువు శానిటోరియం వాళ్ళే ఎక్కువ పెరిగారు. అయినా జబ్బు నయం కావడంలో రెండు గుంపులకీ పెద్ద తేడా లేదు. అక్కడితో వదిలేయకుండా రోగుల్నీ, వాళ్ళ కుటుంబాల్నీ ఐదేళ్ళు గమనించారు. ఇంట్లో వైద్యం వల్ల కుటుంబానికి అదనంగా అంటుకున్న దాఖలా కనిపించలేదు. ప్రపంచమంతా క్షయని ఇంటి దగ్గరే నయం చేయడానికి దారి తీసింది ఈ లెక్కే. ఆ కేంద్రమే ఇప్పటి చెన్నై జాతీయ క్షయ పరిశోధన సంస్థ.

అన్నట్టు, మా వెలుగోడు రిజర్వాయర్ మీదుగా తెలుగుగంగలో చెన్నైకి నీళ్ళు పోతాయి. ఈ జ్ఞానం ఎదురు దిశలో మా ఊరికి రావడానికి కాలవ లేదు, అంతే.

అలాగని క్షయ లెక్కని న్యుమోనియాకి అతికించలేం. క్షయలో ఒక రాత్రి ఆలస్యమైతే కొంప మునగదు, ఊపిరి అందకపోతే మునుగుతుంది. బోస్టన్‌లో బ్రిగమ్ ఆస్పత్రి వాళ్ళు ఈ రకం సేవని లాటరీ పద్ధతిలోనే పరీక్షించి 2020లో ప్రచురించారు. 91 మంది రోగులు. ఖర్చు తగ్గింది, మళ్ళీ ఆస్పత్రి పాలైనవాళ్ళూ తగ్గారు. కానీ అందులో చేరాలంటే ఇల్లు ఆస్పత్రికి ఐదు మైళ్ళ లోపు ఉండాలి. వెలుగోడు నుంచి నంద్యాల అంతకు చాలా రెట్లు.

కంపెనీకి మెయిల్ పెట్టాను: రోగుల్ని ఎవరు ఎంచుతారు? రాత్రి రెండింటికి ఆక్సిజన్ పడిపోతే మా ఊరికి ఎంతసేపట్లో వస్తారు? మా అమ్మ నిద్ర లేని రాత్రులు మీ లెక్కలో ఉన్నాయా?

డిస్కౌంట్ కూపన్ పంపారు.