తలనొప్పియు, పార్శ్వపునొప్పియు

తలనొప్పి యెరుగని మానవుడు లోకమున నరుదు. అందుచేతనే కాబోలు, ఆ మాటకు మన వ్యవహారమున విలువ తగ్గిపోయినది. పని తప్పించుకొనదలచినవాడును తలనొప్పి యనును. చీకటిగదిలో కన్నులు మూసికొని, వాంతి చేసికొనుచు, దినమెల్ల పడియుండు నిల్లాలును తలనొప్పి యనును. ఒకే మాట యిద్దరిని కప్పివేయుటచే, ఆ యిల్లాలి బాధను నమ్మువారు కరవైరి. ఈ రెండు నొప్పులకు గల భేదమును పూర్వు లెట్లు గుర్తించిరో, ఆధునికు లెట్లు స్థిరపరచిరో నేటి ప్రసంగమున మనవి చేసెదను.

చరకసంహిత సూత్రస్థానమున శిరోరోగములు 5 అని చెప్పబడినవి. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రము వానిని 11 గా విభజించినది. వాత, పిత్త, కఫ, సన్నిపాత, రక్త, క్షయ, క్రిమిజములు 7. సూర్యావర్తము, అనంతవాతము, అర్ధావభేదకము, శంఖకము అనునవి 4. ఇందు మన కిప్పుడు ముఖ్యమైనది అర్ధావభేదకము. శిరస్సున సగభాగమును భేదించునది యని దాని యర్థము. పోటు, చీల్చినట్లుండు బాధ, తలతిరుగుడు దీని లక్షణములు. పక్షమునకో, పదిదినములకో, లేక యకస్మాత్తుగానో వచ్చునని సుశ్రుతుని మాట. చరకసంహిత సిద్ధిస్థానము కనుబొమ, కణత, చెవి, కన్ను, నుదురు వీనిలో నొక ప్రక్కను మాత్రమే పట్టు ఆ తీవ్రబాధను శస్త్రఘాతముతోను, అరణిమథనముతోను పోల్చినది. తిన్నది యరుగకముందే మరల తినుట, తూర్పుగాలి, మంచు, వేగనిరోధము, అతిశ్రమ కారణములని చెప్పినది. శ్రోతలు గమనింపవలసిన దేమనగా, పూర్వులు నొప్పి యెంత యనుటతో తృప్తి పడలేదు. ఎచ్చట, ఎప్పుడు, ఎన్నాళ్ల కొకమారు అని ప్రశ్నించిరి. సూర్యునితో హెచ్చి, సూర్యునితో తగ్గునొప్పికి సూర్యావర్తమని వేరు పేరు పెట్టుటయు నిందులకే.

పశ్చిమమునను ఇట్టి విచారమే జరిగెను. క్రీస్తుశకారంభ శతాబ్దులలోని కప్పదోకియ దేశపు వైద్యుడు అరెటయుసు తలనొప్పులను మూడు తెగలుగా విభజించి, సగము తలను పట్టు తెగ రోగులు వెలుతురును సహింపలేక చీకటిని కోరుదురని వ్రాసెను. రెండవ శతాబ్దమున గాలెను దానికి హెమిక్రేనియా యని పేరిడెను. అనగా సగము కపాలము. ఆ పదమే నాలుకలపై నలిగి ఫ్రెంచివారి నోట మైగ్రేను అయ్యెను. అరబ్బీ వైద్యులు దీనినే షకీకా యనిరి. ఆ మాటకును సగము, చీలిక యను భావమే మూలము.

ఇక మన సీమకు వత్తము. గద్వాల, వనపర్తి 1948 వరకు నిజాము రాజ్యమునకు లోబడిన సంస్థానములు. విద్వద్గద్వాల యని పేరొందిన గద్వాల పండితపోషణకు ప్రసిద్ధము. రాజ్యమున ఉరుదూ అధికారభాష. కావున గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతమున నొకే వ్యాధికి పండితుని అర్ధావభేదకము, హకీముగారి షకీకా, జనుల ఒంటితలనొప్పి, పార్శ్వపునొప్పి యను పేరు లన్నియు చెల్లినవి. వానికి పిమ్మట డాక్టరుగారి మైగ్రేను వచ్చి చేరినది. దాదాపు అన్ని పేరులును సగమునే చెప్పుచున్నవి! అయితే పేరు కొంత మోసము చేయును. ఈ వ్యాధి యందరికిని ఒక ప్రక్కనే రాదు. కొందరికి తల యంతయు పట్టును. సగము కానిచో మైగ్రేను కాదనుట పొరపాటు.

మరి గుర్తు లేవి? 1873 లో ఎడ్వర్డు లివీంగు అను ఆంగ్లవైద్యుడు దీనిపై పెద్దగ్రంథము రచించెను. 1988 లో అంతర్జాతీయ శిరోవేదనా సంఘము తలనొప్పుల వర్గీకరణమును ప్రకటించెను. దాని మూడవకూర్పు 2018 లో వెలువడెను. దాని ప్రకారము సామాన్యపు తలనొప్పి, అనగా బిగువుచే కలుగునది, అరగంట మొదలు 7 దినముల వరకు నుండవచ్చును, ఇరుప్రక్కల పట్టువేసి బిగించినట్లుండును, నడచినంత మాత్రమున హెచ్చదు, వాంతి యుండదు. మైగ్రేను చికిత్స లేనిచో 4 గంటలు మొదలు 72 గంటల వరకు నుండును, తరచుగా నొక ప్రక్క నాడి కొట్టుకొనునట్లు పోటు పెట్టును, మెట్లెక్కిన హెచ్చును, వికారమో వాంతియో, లేక వెలుతురు, చప్పుడు రెండును సహింపలేమియో తోడగును. కొందరికి నొప్పికి ముందు కన్నులయెదుట వంకరటింకర మెరుపుగీతలు కనబడును. ఇట్టి లక్షణముల నన్నిటిని తలనొప్పి యను నొక్క మాటలో ముంచుట న్యాయమా?

రక్తనాళములు ఉబ్బుటయే కారణమని చిరకాలము నమ్మిరి. నేడు మెదడును, ముఖమునకు స్పర్శ నిచ్చు నాడియు నిందు ప్రధానమని తెలిసినది. ఇది తరచుగా కుటుంబములలో వచ్చును. పురుషులకంటె స్త్రీలకు హెచ్చు. 1918 లో వేరుచేయబడిన ఎర్గటమీను, 1990 ప్రాంతమున వచ్చిన ట్రిప్టానులు ప్రత్యేకౌషధములు. భేదము తెలిసినందుననే యట్టి మందులు పుట్టినవి.

మన సీమ యెండలు ప్రసిద్ధములు. ఎండ, ఉపవాసము, నిద్రలేమి యీ వ్యాధిని రేపవచ్చును. ఏనాడు, ఏమి తిన్నపిదప, ఎంత నిద్రతో వచ్చినదో చీటిపై వ్రాసి వైద్యునికి చూపుట మేలు. అంగడిలోని నొప్పిమాత్రలను నెలకు 15 దినములు, అంతకు మించియు మ్రింగుచు పోయినచో ఆ మాత్రలే నిత్యపు తలనొప్పిని తెచ్చును. పిడుగువలె నొక్కసారిగా వచ్చినది, జ్వరముతో మెడ బిగిసినది, కాలుచేయి పడిపోవుటతోనో మాట తడబడుటతోనో కూడినది, తలకు దెబ్బ తగిలినపిదప వచ్చినది, 50 యేండ్లు దాటినపిదప క్రొత్తగా మొదలైనది — ఇవి యింట శొంఠిపట్టు వేసి వేచియుండదగినవి కావు. వెంటనే వైద్యశాలకు పోవలెను. వనపర్తి, నాగరుకర్నూలులలో 2022 లోను, గద్వాలలో 2024 లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. పూర్వమువలె పట్టణమునకు బండి కట్టవలసిన దుర్దశ లేదు.

వేయేండ్లకు పూర్వమే వైద్యులు రోగి మాటను నమ్మి, యతని బాధను వర్ణించి, దానికి పేరిడిరి. ఆ నమ్మకమే చికిత్సకు తొలిమెట్టు. కావున చీకటిగదిలో పరుండిన యాడుబిడ్డనుగాని, వెలుతురు చూడలేక పలకతో ముఖము కప్పుకొనిన విద్యార్థినిగాని సోమరి యనకుడు. తలుపు మెల్లగా మూయుడు. పిదప వైద్యునియొద్దకు గొనిపొండు.