గుండుగొలను నుండి బందరు దాకా: నోబుల్ కళాశాల పూర్వ విద్యార్థుల స్మృతి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
కాలం చేసిన పూర్వ విద్యార్థులను కళాశాలలు స్మరించుకునే తీరు సాధారణంగా పదవుల జాబితాగా ఉంటుంది. ఏలూరు ప్రాంతంలో పుట్టి మచిలీపట్నం నోబుల్ కళాశాలలో చదివిన డా. భోగరాజు పట్టాభి సీతారామయ్య, ఆయన మిత్రులు ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావుల జీవితాల ఆధారంగా ఈ పద్ధతిలోని లోటును చూపడం, పూర్వ విద్యార్థుల చరిత్రను వారి ఉమ్మడి కృషి వైపు నుండి రాయవలసిన అవసరాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నోబుల్ కళాశాల, పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు, ఆంధ్ర జాతీయ కళాశాల, కృష్ణాపత్రిక, ఆంధ్రా బ్యాంకు.

1. ప్రవేశిక

ఏలూరు నుండి ద్వారకా తిరుమలకు జాతీయ రహదారి మీదుగా వెళ్లేవారికి భీమడోలు చేరకముందే గుండుగొలను తగులుతుంది. ఒకవైపు కొల్లేటి పల్లపు నేలలు, మరొకవైపు చిన తిరుపతి మెట్ట. ఈ రెంటి నడుమనున్న ఆ గ్రామంలో 1880 నవంబరు 24న పట్టాభి సీతారామయ్య జన్మించారు. ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల వెలసినది 1945లో. అంతకు అర్ధశతాబ్దం ముందు ఏలూరు మిషన్ ఉన్నత పాఠశాలలో చదువు ముగించిన ఈ గ్రామీణ బాలుడు పైచదువుకై బందరు వెళ్లారు. ఆ ప్రయాణం ఆయనకు ఒక కళాశాలనే కాక, జీవితాంతం నిలిచిన మిత్రవర్గాన్ని కూడా ఇచ్చింది.

2. నోబుల్ కళాశాల – గురుప్రభావం

క్రైస్తవ మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో నెలకొల్పిన పాఠశాలయే క్రమంగా నోబుల్ కళాశాలగా ఎదిగింది. తీరాంధ్రంలో ఆంగ్లవిద్య వ్యాప్తికి తోడ్పడిన తొలి సంస్థలలో ఇది ఒకటి. 19వ శతాబ్ది చివరి దశకంలో ఇక్కడ బోధించిన రఘుపతి వెంకటరత్నం నాయుడు బ్రహ్మసమాజ భావాలతో, నైతిక నిష్ఠతో విద్యార్థులను ఆకట్టుకున్నారు. అనంతర కాలంలో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రధానాచార్యులుగాను, 1925 నుండి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతిగాను ఆయన పనిచేశారు. పట్టాభి, ముట్నూరి కృష్ణారావు ఇరువురూ నోబుల్ కళాశాలలో ఆయన ప్రభావానికి లోనైనవారే. బందరులో వారితో కలిసిన మూడవ మిత్రుడు కోపల్లె హనుమంతరావు.

పట్టాభి తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, వైద్యవిద్య పూర్తిచేసి, బందరులోనే వైద్యవృత్తి చేపట్టారు. కృష్ణారావు పత్రికారంగంలో ప్రవేశించి 1907లో కృష్ణాపత్రిక సంపాదకులయ్యారు. హనుమంతరావు న్యాయశాస్త్రం చదివారు. వృత్తిరీత్యా ముగ్గురి దారులు వేరైనా, కార్యక్షేత్రం ఒక్కటే అయింది.

3. ఉమ్మడి కృషి: ఆంధ్ర జాతీయ కళాశాల

1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించారు. ఆ పర్యటనను నడిపించినవారిలో కృష్ణారావు ప్రముఖులు. వందేమాతర ఉద్యమం దేశమంతటా రేకెత్తించిన జాతీయ విద్యాభావన బందరులో కార్యరూపం దాల్చింది. ముగ్గురు మిత్రుల పూనికతో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల అవతరించింది. పుస్తకవిద్యతోపాటు చేతిపనులకు, చిత్రకళకు అక్కడ చోటు కల్పించారు. 1921లో బెజవాడలో గాంధీజీకి జాతీయ పతాక నమూనా చూపిన పింగళి వెంకయ్య ఈ కళాశాలలో ఉపన్యాసకులుగా పనిచేసినవారే. భీమవరం ప్రాంతీయుడైన అడివి బాపిరాజు ఇక్కడ చిత్రకళ అభ్యసించి, తరువాత ఇదే సంస్థకు ప్రధానాచార్యులయ్యారు.

ఇక్కడ గమనించదగిన అంశం ఒకటుంది. పరాయి పాలనలోని ఆంగ్లవిద్యా పద్ధతికి ప్రత్యామ్నాయం వెదికినవారు ఆ విద్యతోనే ఎదిగినవారు. కాబట్టి నోబుల్ కళాశాల చరిత్రలో, ఆ కళాశాల పద్ధతితో విభేదించిన సంస్థ చరిత్ర కూడా భాగమే. మాతృసంస్థ తన విద్యార్థిని గౌరవించడమంటే అతడు తనను దాటి వెళ్లిన దారిని కూడా అంగీకరించడమే.

4. మూడు జీవితాలు – మూడు విధాల స్మృతి

హనుమంతరావు న్యాయవాద వృత్తిని వదులుకొని కళాశాల నిర్వహణకే తమను అర్పించుకున్నారు. 1922లో ఆయన మరణించేనాటికి ఆ సంస్థ వయస్సు పన్నెండేళ్లు. ఆయనకు పెద్ద పదవులు లేవు. దాతలను వెదకడం, అధ్యాపకులను కూర్చడం, సంస్థను నిలబెట్టడం వంటి పనులు చేసినవారి పేరు ఆ పనులలోనే కలిసిపోతుంది. జాతీయ కళాశాల అనంతర కాలంలో విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలగా మారడంతో ఆయన ఆశయానికి గుర్తు కూడా మసకబారింది. త్రయంలో ఒకరిగా తప్ప, ఆయన పేరు విడిగా వినిపించడం అరుదు.

కృష్ణారావు 1907 నుండి 1945లో కన్నుమూసే వరకు, ముప్పై ఎనిమిదేళ్లు, ఒకే పత్రికను నడిపారు. ఆయన చుట్టూ రచయితలు, కళాకారులు, కార్యకర్తలు చేరే గోష్ఠి 'కృష్ణాపత్రిక దర్బారు'గా ప్రసిద్ధికెక్కింది. తాను ఇంతకాలం రాసిన స్వాతంత్ర్యాన్ని కళ్లారా చూడకుండానే ఆయన వెళ్లిపోయారు. ఆయన స్మృతి సంపాదకీయాలలో నిలిచింది. అయితే ఏనాటి సందర్భానికి ఆనాడు రాసిన రచన, ఆ సందర్భం తెలియని తరానికి సులువుగా అందదు. వ్యాసాలు కొన్ని పుస్తకరూపం పొందినా, పాత సంచికలను వెదికి చదివే పరిశోధకునికే ఆయన పూర్తిగా దొరుకుతారు.

పట్టాభి దీర్ఘకాలం జీవించారు. వైద్యవృత్తి విడిచి 1919లో 'జన్మభూమి' ఆంగ్ల వారపత్రిక ప్రారంభించారు. 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని స్థాపించారు. 1935లో కాంగ్రెస్ స్వర్ణోత్సవ సందర్భంగా ఆ సంస్థ చరిత్రను ఆంగ్లంలో రచించారు. 1942 ఉద్యమకాలంలో అహ్మద్‌నగర్ కోటలో నిర్బంధంలో ఉన్నారు. 1948లో జయపూర్ కాంగ్రెస్‌కు అధ్యక్షులయ్యారు. 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959 డిసెంబరు 17న పరమపదించారు.

ఇంతటి జీవితం సైతం స్మృతిలో కుదించుకుపోయింది. దేశచరిత్ర గ్రంథాలలో పట్టాభి పేరు ఎక్కువగా వచ్చేది 1939 త్రిపురి కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక సందర్భంలో. సుభాస్ చంద్రబోసుకు 1,580 ఓట్లు, పట్టాభికి 1,377 ఓట్లు వచ్చాయి. ఈ ఓటమి తనదేనని గాంధీజీ భావించడం వల్ల అది చారిత్రక ఘట్టమైంది. ఆ ఘట్టంలో పట్టాభి ఇద్దరు మహానాయకుల విభేదం నడుమ కనిపించే పేరుగా మిగిలారు. రైతుల, చిరువర్తకుల పొదుపును ఆంధ్రుల సంస్థలలోకి మళ్లించిన నిర్మాత ఆ నీడలో కనుమరుగయ్యారు.

5. సంస్థలు మారినప్పుడు స్మృతి

ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమైంది. హైదరాబాదులోని దాని ప్రధాన కార్యాలయానికి 'డాక్టర్ పట్టాభి భవన్' అనే పేరుండేది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. ఖాతాలు, శాఖలు కొనసాగినా, ఊరూరా వీధి బోర్డుపై ప్రతిరోజూ కనిపించిన పేరు తొలగిపోయింది. ఆంధ్రా ఇన్సూరెన్స్ జీవిత బీమా వ్యాపారం అంతకుముందే, 1956లో, జీవిత బీమా సంస్థలో కలిసింది. స్థాపకుని పేరును సంస్థలే మోస్తాయని నమ్మడం ఎంత అస్థిరమో దీనివలన తెలుస్తుంది. హనుమంతరావు విషయంలో కొద్దికాలానికే జరిగినది, పట్టాభి విషయంలో దాదాపు వందేళ్లకు జరిగింది.

6. ముగింపు

పై పరిశీలన వలన మూడు విషయాలు తేటతెల్లమవుతున్నాయి. ఒకటి, పదవుల వరుసలో రాసే స్మృతి పట్టాభికి పెద్ద చోటు, కృష్ణారావుకు చిన్న చోటు ఇచ్చి, హనుమంతరావును వదిలివేస్తుంది. 1910 నాటి కృషిని కేంద్రంగా చేసుకొని రాస్తే ముగ్గురూ సమానంగా నిలుస్తారు. రెండు, అకాల మరణం పొందినవారి కృషి బ్రతికి ఉన్న మిత్రుల చరిత్రలో కలిసిపోతుంది కనుక దానిని విడిగా గుర్తించడం చరిత్రకారుని బాధ్యత. మూడు, సంస్థల పేర్లు మారకముందే వాటి స్థాపన పత్రాలను, పాత సంచికలను, కళాశాల ప్రవేశ పట్టికలను భద్రపరచుకోవాలి.

ఈ బాధ్యత బందరుకే పరిమితం కాదు. 1945 తరువాత ఏలూరులోను, పరిసర పట్టణాలలోను వెలసిన కళాశాలల తొలితరం విద్యార్థులు కూడా ఒక్కొక్కరుగా రాలిపోతున్నారు. వారిలో మంత్రులను, అధికారులను మాత్రమే లెక్కించి ఊరుకుంటే, ఊరిబడిని నిలబెట్టిన ఉపాధ్యాయుడు, సహకార సంఘాన్ని నడిపిన కార్యదర్శి హనుమంతరావు వలెనే మరుగున పడతారు. గుండుగొలను బాలుని బందరు ప్రయాణంలో తోడు నడిచినవారిని కూడా పేరుపెట్టి తలచుకున్నప్పుడే ఆయన స్మృతి సమగ్రమవుతుంది.