జ్వరం లేదంటే ఇన్‌ఫెక్షన్ లేనట్టు కాదు: తాగుడుతో లివర్ పాడైనవారిలో దాగి ఉండే ముప్పు

చల్లపల్లి (కృష్ణా జిల్లా): ఏళ్ల తరబడి మద్యం తాగి లివర్ దెబ్బతిన్న మనిషికి ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ఇంట్లోవాళ్లకు కనిపించేవి పొట్ట ఉబ్బడం, మగత, పొంతన లేని మాటలు, మూత్రం తగ్గడమే. అది తాగుడు మత్తనో, కామెర్లు ముదిరాయనో అనుకుని పసరు మందు కోసం తిరిగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఎందుకు బయటపడదు?

పేగుల నుంచి వచ్చే రక్తంలోని బ్యాక్టీరియాను వడగట్టేది లివరే. సిర్రోసిస్ వస్తే ఆ కాపలా సడలి, పొట్టలో చేరిన నీటికి ఇన్‌ఫెక్షన్ సోకుతుంది. ప్లీహం పెరిగి తెల్ల రక్తకణాలు తగ్గిపోవడం వల్ల, ఇన్‌ఫెక్షన్ ఉన్నా కౌంట్ మామూలుగానే కనిపించొచ్చు. ఆల్కహాలిక్ హెపటైటిస్‌లో దీనికి తలకిందులు. ఇన్‌ఫెక్షన్ లేకున్నా జ్వరం, కౌంట్, సీఆర్‌పీ పెరుగుతాయి. ప్రొకాల్సిటోనిన్ పరీక్ష కొంత దారి చూపుతుంది కానీ, అదొక్కటే చాలదు.

ఏ పరీక్షలు చేయాలి?

పొట్టలో నీరున్న సిర్రోసిస్ రోగి ఏ కారణంతో ఆస్పత్రిలో చేరినా, సూదితో కొద్దిగా నీరు తీసి పరీక్షించాలి. 12 గంటల్లోపే చేస్తే మేలు. క్యూబిక్ మిల్లీమీటరుకు న్యూట్రోఫిల్ కణాలు 250 లేదా అంతకు మించి ఉంటే, కల్చర్ రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు. కిడ్నీలు దెబ్బతినకుండా ఆల్బుమిన్ ఎక్కిస్తారు. నీరు తీస్తే మనిషి నీరసించిపోతాడని భయపడక్కర్లేదు, పరీక్షకు తీసేది కొద్ది మిల్లీలీటర్లే.

రక్తం, మూత్రం కల్చర్లు, ఛాతీ ఎక్స్‌రే కూడా అవసరం. స్టెరాయిడ్లు ఇవ్వాల్సి వస్తే ముందుగా ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకోవాలి. వరిచేలలో దిగి పనిచేసేవారికి కామెర్లతో పాటు కిడ్నీలు దెబ్బతింటే, తాగుడు అలవాటు ఉన్నా సరే, ఎలుకల ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్‌ను కూడా అనుమానించాలి.

ఎక్కడికి వెళ్లాలి?

చల్లపల్లివాసులకు దగ్గర్లో మచిలీపట్నం ప్రభుత్వ ఆస్పత్రి ఉంది. అక్కడ 2023లో మెడికల్ కాలేజీ కూడా మొదలైంది. పెద్ద వైద్యం కావాలంటే విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి ఉంది. మాట తడబడినా, రక్తపు వాంతి అయినా, మూత్రం తగ్గినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. తాగుడు సంగతి దాచకుండా చెప్పాలి. “పొట్టలో నీటిని పరీక్షకు పంపారా?” అని డాక్టర్‌ను అడగడానికి మొహమాటపడొద్దు.