తెలుగు చిత్రాల డిస్కులు: ఎంపిక, భద్రత

చలనచిత్రాన్ని ఇంటి టీవీలో చూపే వీసీడీ విధానం 1993లోనూ, డీవీడీ విధానం 1996లోనూ వెలువడ్డాయి. రెండింటి వ్యాసమూ 12 సెంటీమీటర్లే. చూపునకు ఒకే విధంగా ఉంటాయి. అయితే వీసీడీలో 74 నుండి 80 నిమిషాల చిత్రం మాత్రమే పడుతుంది. కనుక మూడు గంటల తెలుగు సినిమాకు రెండు, మూడు డిస్కులు కావలసివచ్చేవి. 4.7 గిగాబైట్ల డీవీడీలో సినిమా మొత్తం ఇమిడిపోతుంది, బొమ్మ కూడా స్పష్టంగా ఉంటుంది. 2007లో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడంతో అసలు డిస్కు సామాన్య కుటుంబానికి అందుబాటులోకి వచ్చింది. ఆ సంస్థ ఆస్తుల పరిసమాప్తికి 2018లో ఆదేశాలు వెలువడ్డాయి. నేడు కొత్త డిస్కులు అరుదు. పాత సరుకు అమ్మే దుకాణాలే ఆధారం.

సరిహద్దు జిల్లాల కొనుగోలుదారులు ముందుగా గమనించవలసినది భాష. ముఖ్యంగా తమిళనాడు వైపు ఈ చిక్కు అధికం. 1950 దశకంలో మద్రాసు స్టూడియోలు అనేక చిత్రాలను తెలుగు, తమిళ భాషలలో విడివిడిగా నిర్మించాయి. ‘మాయాబజార్’ (1957) రెండు భాషలలోనూ రామారావు, రంగారావు, సావిత్రి ఉన్నారు. అట్టమీది కృష్ణుని బొమ్మ చూసి కొన్నవారు ఇంటికి వచ్చాక తమిళ సంభాషణలు వినవలసి రావచ్చు. అభిమన్యుడు నాగేశ్వరరావు అయితే తెలుగు, జెమినీ గణేశన్ అయితే తమిళం. ‘మిస్సమ్మ’ (1955)లో రామారావు ధరించిన పాత్రను తమిళ ‘మిస్సియమ్మ’లో జెమినీ గణేశన్ పోషించారు. ‘దేవదాసు’ (1953) విషయంలో ఈ గుర్తు కూడా పనికిరాదు. నాగేశ్వరరావు, సావిత్రి రెండింటిలోనూ నాయికానాయకులే. అటువంటప్పుడు అట్టపై ముద్రించిన సెన్సారు సర్టిఫికెట్‌లోని భాషనే నమ్మాలి. ‘మాయాబజార్’కు 2010లో రంగులద్దిన ప్రతి కూడా వచ్చింది కనుక నలుపు తెలుపు కోరేవారు అదీ అడిగి తెలుసుకోవాలి.

సెన్సారు సర్టిఫికెట్ ప్రతి, తయారీదారు పేరు, చిరునామా, హక్కుదారు వివరాలు అట్టపై ఉండాలని కాపీరైట్ చట్టంలోని 52ఎ సెక్షను నిర్దేశిస్తున్నది. ఇవేవీ లేని డిస్కు దొంగ ప్రతి కావచ్చునని అనుమానించాలి. అమెరికా నుండి బంధువులు తెచ్చిన డీవీడీలపై ‘1’ అనే ప్రాంత సంఖ్య ఉంటే భారతదేశపు ‘5’ సంఖ్య ప్లేయరులో అవి ఆడకపోవచ్చు.

డిస్కును అంచులు పట్టుకొని తీయాలి. దుమ్మును మెత్తని బట్టతో మధ్య నుండి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే గీతలు పాట వెంబడే పడి అధిక నష్టం కలుగుతుంది. అడుగుభాగం జాగ్రత్తగా చూసుకొనేవారు పైభాగాన్ని నిర్లక్ష్యం చేయడం పరిపాటి. వీసీడీలో సమాచారం గల అల్యూమినియం పొర పైనున్న బొమ్మకు వెంటనే క్రింద ఉంటుంది. బాల్‌పెన్నుతో పేరు రాసినా చెడిపోవచ్చు. డీవీడీలో ఆ పొర రెండు 0.6 మిల్లీమీటర్ల పలకల నడుమ ఉండటం వలన కొంత నయం. యానాం, బరంపురం వంటి తేమ ప్రాంతాలలో డిస్కులను గోడ బీరువాలో గాక పొడి పెట్టెలో నిలువుగా ఉంచడం మేలు.

వీటన్నిటికంటే ముందుగా కాపాడవలసినవి పెళ్లి, ఉపనయనాల డిస్కులు. దుకాణపు సినిమా డిస్కు అచ్చువేసినది. స్టూడియోవారు ఇచ్చినది రసాయనపు రంగు పొరపై లేజరుతో రాసినది. ఎండకు, వేడికి ఆ రంగు వెలిసిపోతుంది. సినిమా పోతే మరొకచోట దొరకవచ్చు, తాతగారి గొంతు దొరకదు. కనుక డిస్కు డ్రైవు గల కంప్యూటరు ఉన్నవారి సాయంతో వీటిని హార్డ్‌డిస్కులోకి ఎక్కించుకోవాలి. వీసీడీలోని చిత్రం ‘ఎంపెగ్ఏవీ’ అనే ఫోల్డరులోనూ, డీవీడీలోనిది ‘వీడియో_టీఎస్’ ఫోల్డరులోనూ ఉంటుంది. ఫోల్డరు మొత్తాన్నీ కాపీ చేయాలి. పాత ప్లేయరు ఎరుపు, తెలుపు, పసుపు తీగలకు కొత్త టీవీలో చోటు లేకపోతే హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న పెట్టె ఎలక్ట్రానిక్ దుకాణాలలో దొరుకుతుంది.